గోడ రంగు ఎంచుకోవాలంటే ముందు నేల చూడండి

“అన్నా, హాలుకి ఏ రంగు బాగుంటుంది?”

వారానికి నాలుగైదుసార్లు ఈ ప్రశ్న వస్తుంది. వెంట ఒక ఫొటో కూడా ఉంటుంది: లప్పం పట్టిన తెల్ల గోడలు, మూలన సిమెంటు బస్తా, నిచ్చెన. పదకొండేళ్లు గుంటూరులో ఒక పెయింట్ల షాపులో రంగులు కలిపే మెషీన్ దగ్గర నిలబడ్డాను కదా, ఫొటో చూసి చెప్పేస్తానని వాళ్ల నమ్మకం. చెప్పలేను. అక్కడికి వచ్చి చూడకుండా ఎవరూ చెప్పలేరు. కానీ మీ అంతట మీరే ఎంచుకునే పద్ధతి చెప్పగలను. అడిగిన ప్రతివాళ్లకీ విడివిడిగా టైపు చేయలేక మొత్తం ఒకచోట రాస్తున్నాను.

చీర కొన్నాక మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్తే ఏం చేస్తారో గుర్తు తెచ్చుకోండి. షాపతను జాకెట్టు గుడ్డ తాను విప్పి చీర మీద పరుస్తాడు. మన ఇంట్లో ఆడవాళ్లు అది నమ్మరు. రెండూ చేత్తో పట్టుకుని గుమ్మం బయటికి, పగటి వెలుగులోకి వెళ్లి చూస్తారు. రెండు వందల రూపాయల గుడ్డకి అంత జాగ్రత్త. అరవై వేల పెయింటింగ్ పనికి మాత్రం షాపు ట్యూబ్‌లైటు కింద, అగ్గిపెట్టెంత రంగు చిట్టీ చూసి “ఇది వేసేయండి” అంటారు. రంగు తేడా కొట్టిందని నా దగ్గరికి తిరిగొచ్చినవాళ్లలో ఎక్కువమంది చెడ్డ రంగు ఎంచుకున్నవాళ్లు కారు. మంచి రంగునే, చూడకూడని చోట చూసి ఎంచుకున్నవాళ్లు.

కావలసినవి

- విసనకర్రలా విచ్చుకునే పెద్ద షేడ్ కార్డు. దీన్ని ఫ్యాన్‌డెక్ అంటారు. తెలిసిన షాపైతే ఒకరోజు ఇంటికి ఇస్తారు. మడత కాగితం మీద అచ్చేసిన చిన్న కార్డు వద్దు.
- తెల్ల ఎ4 కాగితాలు నాలుగు.
- మీ ఇంటి టైల్ ముక్క, వంటగది గట్టు గ్రానైట్ ముక్క. పని జరుగుతున్న ఇల్లయితే చెత్తలోనే దొరుకుతాయి, పారేయనివ్వకండి.
- రెండడుగుల చదరం అట్టలు లేదా పల్చటి ప్లైవుడ్ ముక్కలు మూడు.
- మూడు రంగుల్లో చిన్న శాంపిల్ డబ్బాలు. కొన్ని కంపెనీలకి 200 మి.లీ. దొరుకుతాయి. దొరక్కపోతే లీటరు డబ్బా ఒకటి కొని ఇద్దరు ముగ్గురు పంచుకున్నా సరే.
- నాలుగంగుళాల రోలర్. బ్రష్‌తో వేస్తే గీతలు పడి రంగు వేరేగా కనిపిస్తుంది.
- ఆ గదిలో పెట్టబోయే బల్బులు. “తర్వాత చూద్దాంలే” అనకుండా ఇప్పుడే కొనండి.
- మూడు రోజుల వ్యవధి. మేస్త్రీ “రేపు రంగు చెప్పండి సార్” అని తొందర పెడతాడు. ప్రైమర్ పని, పక్క గదిలో లప్పం పని చూపించి ఆపండి.

రంగు గురించి మూడు మాటలు, అంతకుమించి వద్దు

ఏ రంగునైనా మూడు ప్రశ్నలు అడగాలి. ఏ జాతి? ఎంత లేత? ఎంత నిండు?

గడపకు రాసే పసుపు, పాల మీగడ, అరగదీసిన గంధం, ఈ మూడూ పసుపు జాతే. పసుపు నిండు రంగు. మీగడ బాగా లేత. గంధంలో మట్టి కలిసింది. జనం మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. “మాకు పసుపు పడదు” అంటారు. పడనిది పసుపు కాదు, ఆ నిండుతనం. గోడ బాగుందా లేదా అన్నది ఎక్కువగా తేలేది రెండో, మూడో ప్రశ్నల దగ్గరే. జాతి పొరపాటైనా ఇల్లు బతుకుతుంది కానీ నిండుతనం ఎక్కువైతే నెల తిరిగేసరికి కళ్లు అలిసిపోతాయి.

1. మారనివి ముందు రాసుకోండి

గోడ రంగు ఐదారేళ్లకి మారుతుంది. నేల మారదు. కాబట్టి రంగు ఎంపిక షేడ్ కార్డు దగ్గర కాదు, నేల దగ్గర మొదలవ్వాలి. కాగితం మీద రాయండి: నేల, వంటగది గట్టు, తలుపులు, కిటికీ ఫ్రేములు, ఇప్పటికే ఉన్న సోఫా, బీరువా.

ఇప్పుడు నేల మీద తెల్ల ఎ4 కాగితం పరిచి, పక్కన కూర్చుని ఒక నిమిషం చూడండి. “ఐవరీ” అని అమ్మిన టైల్ ఆ కాగితం పక్కన అసలు రంగు బయటపెడుతుంది. ఒకటి పసుపు వైపు లాగుతుంది, ఒకటి గులాబీ వైపు, ఒకటి చిన్నగా పచ్చ వైపు. ఇదే లోపలి ఛాయ. గోడ రంగుకీ ఇలాంటి ఛాయ ఉంటుంది. ఈ రెండు ఛాయలూ కొట్లాడుకుంటే ఏం జరిగిందో తెలియదు కానీ ఏదో బాగాలేదని మాత్రం అనిపిస్తుంది.

నేను ఎక్కువగా చూసిన జతలు ఇవి.

*క్రీమ్ టైల్స్, గ్రే గోడ.* ఈమధ్య అందరికీ గ్రే కావాలి. క్రీమ్ నేల పక్కన నీలం ఛాయ ఉన్న గ్రే వేస్తే, కొత్త టైల్స్ పదేళ్ల పాతవాటిలా పసుపెక్కి కనిపిస్తాయి. టైల్స్‌లో ఏ మార్పూ ఉండదు. పక్కన నీలం ఉన్నప్పుడు కంటికి పసుపు మరింత పసుపుగా కనిపిస్తుంది, అంతే. “మీ పెయింట్ పడ్డాక టైల్స్ పాడైపోయాయి” అని ఒకాయన కౌంటర్ దగ్గర గొడవ పెట్టుకున్నాడు. తెల్ల అట్ట తెచ్చి టైల్ ముక్క మీద పెట్టి చూపిస్తే గానీ నమ్మలేదు. మీకు గ్రేనే కావాలంటే ఇసుక, మట్టి ఛాయ ఉన్న గ్రే వెతకండి.

*టేకు తలుపులు.* టేకు అంటే మనకి గోధుమ రంగు. రంగులన్నీ గుండ్రంగా పేర్చిన రంగుల చక్రంలో మాత్రం అది నారింజ జాతి. దాని ఎదురు రంగు నీలం. లేత, కాస్త మసకబారిన నీలం గోడ ముందు టేకు తలుపు మెరిసిపోతుంది. పీచ్ గోడ ముందు అదే తలుపు కలిసిపోయి మాయమవుతుంది. తలుపుకి లక్ష పెట్టి గోడకి పీచ్ వేసినవాళ్లని చూస్తే నాకు బాధ.

*తాండూరు బండ.* నీలం బండకి గంధం, మీగడ రంగులు బాగా నప్పుతాయి. పసుపు బండకి లేత ఆకుపచ్చలు, మట్టి తెలుపులు బాగుంటాయి.

*ఎర్ర గచ్చు నేల ఉన్న పాత ఇల్లు.* ఎరుపుకి ఎదురు పచ్చ. బూడిద కలిసిన లేత పచ్చ వేస్తే నేల అందం రెట్టింపవుతుంది. చిలకపచ్చ వేస్తే రెండూ తన్నుకుంటాయి.

*నల్ల గ్రానైట్ గట్టు.* దీనికి దాదాపు ఏ రంగైనా సరిపోతుంది. చీమకుర్తి గెలాక్సీ రాయి అయితే అందులో బంగారు రంగు చుక్కలు ఉంటాయి. వాటికి తగ్గట్టు వెచ్చటి తెలుపు తీసుకోండి.

2. వెలుగు లెక్క చూడండి

ఇంగ్లీషు వెబ్‌సైట్లు చదివి వచ్చేవాళ్లు ఒకటే మాట అంటారు: “ఉత్తరం గది చల్లగా, దిగులుగా ఉంటుంది, వెచ్చటి రంగు వేయాలట.” ఆ సలహా చలిదేశాలది. మనకి ఉత్తరం గది వరం. రోజంతా ఒకే తీరు మెత్తటి వెలుగు వస్తుంది. హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికే ఉంటాడు కూడా. ఉత్తరం గదిలో మీకు నచ్చిన రంగు వేసుకోండి, పెద్దగా మోసం చేయదు.

మోసం చేసేది పడమర గది. ఇది నా సొంత అనుభవం. మా బెడ్‌రూమ్ పడమర ముఖం. రోజూ నలభైమందికి రంగులు చెప్పేవాణ్ణి కదా అన్న ధీమాతో, షాపులోనే కూర్చుని గంధం రంగు ఎంచుకున్నాను. పొద్దున గది బ్రహ్మాండంగా ఉండేది. సాయంత్రం నాలుగయ్యేసరికి ఏటవాలు ఎండ గోడ మీద పడి, గదంతా బత్తాయి రసంలో ముంచినట్టు అయ్యేది. ఏప్రిల్‌లో ఆ గదిలోకి వెళ్తేనే చెమట పట్టినట్టు ఉండేది. మా ఆవిడ వారం రోజులు ఏమీ అనలేదు. ఎనిమిదో రోజు “మీరు ఊరందరికీ చెప్తారు కదా, మనకెవరు చెప్పారు?” అని అడిగింది. మళ్లీ వేయించాను.

పడమర, నైరుతి గదులకి చల్లటి జాతులు చూడండి. బూడిద కలిసిన నీలం, లేత ఆకుపచ్చ, నీలం ఛాయ ఉన్న తెలుపు బాగుంటాయి. తూర్పు గదిలో పొద్దున ఎండ వచ్చి వెళ్లిపోతుంది, మధ్యాహ్నం నుంచి మసక. అక్కడ మీగడ, లేత పీచ్ నప్పుతాయి. దక్షిణం గదిలో చలికాలం ఎండ లోపలిదాకా వస్తుంది, కాబట్టి మరీ నిండు రంగు వద్దు.

అపార్ట్‌మెంట్లలో దిక్కు కన్నా పక్క బిల్డింగ్ ముఖ్యం. కిటికీకి ఎనిమిదడుగుల దూరంలో పక్కవాళ్ల గోడ ఉంటే మీ గదిలోకి వచ్చేది సూర్యుడి వెలుగు కాదు, వాళ్ల గోడ తిప్పి కొట్టిన వెలుగు. వాళ్ల గోడ పసుపైతే మీ తెలుపు పసుపెక్కుతుంది. కిటికీ ముందు వేపచెట్టు ఉంటే పచ్చ ఛాయ వస్తుంది. తెల్ల కాగితాన్ని గోడకి అంటించి పగలు ఒకసారి చూడండి, ఏ ఛాయ పడుతోందో తెలిసిపోతుంది.

తర్వాత బల్బు. డబ్బా మీద 6500కె అని ఉంటే తెల్లటి, నీలం ఛాయ వెలుగు. 3000కె అంటే పాత బల్బులాంటి పసుపు వెలుగు. 4000కె మధ్యస్థం. తెల్లటి ఎల్‌ఈడీ కింద పీచ్, ఉల్లిపొర రంగులు వెలవెలబోతాయి. పసుపు బల్బు కింద నీలాలు మట్టిగా, తెలుపు మీగడగా మారుతుంది. హాల్లో ఒక మూల తెల్ల బల్బు, ఇంకో మూల పసుపు బల్బు పెడితే ఒకే గోడ రెండు రంగుల్లో ఉంటుంది. గదికి ఒకే రకం బల్బు పెట్టండి. నన్నడిగితే 4000కె. ఆ వెలుగులో రంగులు ఎంత అసలుగా కనిపిస్తాయో చెప్పే సీఆర్‌ఐ అనే అంకె 80కి తగ్గకుండా చూడండి, 90 దొరికితే ఇంకా మంచిది.

3. జాతి కన్నా ముందు లేత-ముదురు తేల్చండి

ఫ్యాన్‌డెక్ మీదో కంపెనీ వెబ్‌సైట్‌లోనో కొన్ని రంగులకి ఎల్‌ఆర్‌వి అనే అంకె ఇస్తారు. గోడ ఎంత వెలుగు తిప్పి కొడుతుందో చెప్పే అంకె అది. నలుపు సున్నాకి దగ్గర, తెలుపు వందకి దగ్గర. నేను వాడే లెక్క ఇది:

- వెలుగు తక్కువ వచ్చే హాలు, కారిడార్: 70 పైన
- మామూలు గదులు: 55 నుంచి 70
- ఎండ దంచే గది: 50 నుంచి 60, కళ్లకి హాయి
- ఒక్క గోడకి మాత్రమే వేసే ముదురు రంగు: 20 నుంచి 40

అంకె ఇవ్వకపోతే, ఫ్యాన్‌డెక్‌లో పైన లేత నుంచి కింద ముదురు దాకా గళ్లున్న ఆ రంగు పట్టీలో పైనుంచి మొదటి రెండు గళ్లే మీవి అనుకోండి. నాలుగు గోడలకీ పట్టీ మధ్య గడి వేయాలంటే గట్టి కారణం ఉండాలి.

ఎందుకంటే చిట్టీ మీద చూసిన రంగు గదిలో మరింత ముదురుగా, నిండుగా కనిపిస్తుంది. ఎదురెదురు గోడలు ఒకదాని రంగు ఒకదాని మీదకి విసురుకుంటాయి. పసుపు, గులాబీ, పచ్చల్లో ఇది మరీ ఎక్కువ. నచ్చిన గడి కన్నా ఒక మెట్టు పైది, వీలైతే కాస్త మట్టి కలిసినది తీసుకోండి.

4. జతలు కుదర్చండి, చీరలా

ఇంటీరియర్ వాళ్లు 60-30-10 అని చెప్పే సూత్రం మనకి కొత్తది కాదు. చీర ఒళ్లు 60, కొంగు 30, అంచు 10. గదిలో ఒళ్లు అంటే గోడలు. కొంగు అంటే సోఫా, కర్టెన్లు, తలుపులు. అంచు అంటే దిండు గలీబులు, ఒక కుర్చీ, ఒక పటం. గద్వాల చీర గుర్తు చేసుకోండి. ఒళ్లు నెమ్మదిగా ఉంటుంది కాబట్టే ఎదురు రంగు అంచు అంత అందంగా ఉంటుంది. ఒళ్లంతా అంచు రంగే అయితే ఎవరూ కట్టరు. కానీ హాలుకి అలాగే వేస్తారు.

రెండు దారులున్నాయి. పక్కపక్క రంగులు తీసుకుంటే ప్రశాంతంగా ఉంటుంది: మీగడ గోడ, గంధం కర్టెన్లు, ఇటుక రంగు దిండ్లు. ఎదురెదురు రంగులు తీసుకుంటే ఉత్సాహంగా ఉంటుంది. నీలానికి నారింజ, ఎరుపుకి పచ్చ, పసుపుకి వంగపండు. ఎదురు రంగులు తీసుకున్నప్పుడు ఒకటి లేతగా, మసకగా ఉండి తీరాలి. రెండూ నిండుగా ఉంటే అది జాతర.

ఒక్క గోడకి ముదురు రంగు వేయాలనుకుంటే, తలుపులూ కిటికీలూ లేని గోడ తీసుకోండి. మంచం తల వెనక గోడ మంచిది. టీవీ వెనక గోడకి మధ్యస్థమైన రంగు నయం. మరీ తెల్లగా ఉంటే తెర చుట్టూ ఆ తెలుపు కళ్లకి గుచ్చుకుంటుంది. కిటికీ ఉన్న గోడకి ముదురు రంగు వేస్తే, వెలుగుకీ గోడకీ తేడా ఎక్కువై ఆ గోడ గుహలా కనిపిస్తుంది.

5. మూడు రంగులకి కుదించండి

ఫ్యాన్‌డెక్ పట్టుకుని పగలు మీ గదిలో కూర్చోండి. పట్టీని నేల మీద పడుకోబెట్టి చూడకండి, గోడకి నిలబెట్టి చూడండి. గోడ నిలువుగా ఉంటుంది, వెలుగు దాని మీద వేరేగా పడుతుంది. టైల్ ముక్కను మాత్రం నేల మీదే ఉంచండి.

లేత గడి ఛాయ తెలియకపోతే అదే పట్టీలో అడుగున ఉన్న ముదురు గడి చూడండి. పైన “తెలుపు”లా ఉన్నదాని అడుగున గులాబీ ఉంటే, రేపు గోడ మీద కూడా గులాబీ తొంగి చూస్తుంది. మిగతా గళ్లను తెల్ల కాగితంతో కప్పి, ఒక్క గడినే చూడండి. పక్క రంగులు కంటిని మోసం చేస్తాయి.

రంగు పేరు చూసి ఎంచుకోవద్దు. పేర్లు పెట్టేవాళ్ల పని అమ్మడం. కోడ్ నంబరు రాసుకోండి.

మూడుకి మించి వద్దు. పది రంగులు ఇంటికి తెస్తే ఇంట్లో పదిమంది పది చెప్తారు.

6. అట్ట మీద వేయండి, గోడ మీద కాదు

అందరూ చేసేది: మేస్త్రీ గోడ మీద పక్కపక్కనే మూడు చదరాలు వేస్తాడు, మీరు చూసి ఒకటి చెప్తారు. ఇందులో రెండు తప్పులున్నాయి. పక్కపక్కనే ఉన్న మూడు రంగులు ఒకదాన్నొకటి మారుస్తాయి. లేత మీగడ పక్కన ఉన్న లేత గ్రే అసలు కన్నా నీలంగా కనిపిస్తుంది. రెండోది, గోడ ఒకచోటే ఉంటుంది, అట్టను గది అంతా తిప్పొచ్చు.

చేయాల్సింది:

అ) అట్టకి ముందు తెల్ల ప్రైమర్ ఒక కోటు. గోధుమ రంగు అట్ట మీద నేరుగా వేస్తే ఆ గోధుమ రంగు పైకి వస్తుంది.

ఆ) రోలర్‌తో రెండు కోట్లు. మధ్యలో నాలుగు గంటలు ఆరనివ్వండి. చుట్టూ రెండంగుళాల తెల్ల అంచు వదలండి, పాత గోడ రంగు నుంచి కంటిని ఆ తెలుపు విడదీస్తుంది.

ఇ) పూర్తిగా ఆరాకే చూడండి. ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే గోడ పెయింట్) తడిగా ఉన్నప్పుడు పాల ఛాయతో లేతగా ఉంటుంది, ఆరాక ముదురుతుంది. తడి రంగు చూసి “ఇంకా లేతగా ఉంది, ఇంకో చుక్క వేయండి” అని స్టెయినర్ (పెయింట్‌లో కలిపే చిక్కటి రంగు) పోయించినవాళ్లు మర్నాడు తప్పకుండా ఫోన్ చేసేవాళ్లు.

ఈ) ఏ పెయింట్ వేయబోతున్నారో అదే రకంతో శాంపిల్ వేయండి. ఒకే కోడ్ మెరుపు లేని మ్యాట్‌లో ఒకలా, మెరుపున్న దాంట్లో ఒకలా ఉంటుంది. మెరుపు పెరిగితే రంగు నిండుగా కనిపిస్తుంది, లప్పం ఎత్తుపల్లాలు కూడా బయటపడతాయి. కిటికీ పక్క గోడకి వెలుగు అడ్డంగా పడుతుంది కాబట్టి అక్కడ మ్యాటే మేలు.

శాంపిల్ డబ్బాలకి డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే ఇంకో దారి: అదే పట్టీలు నాలుగు తెచ్చి ఒకే గడిని కత్తిరించి పక్కపక్కన అతికించండి. శాంపిలంత కచ్చితం కాదు కానీ అగ్గిపెట్టెంత చిట్టీ కన్నా నయం.

7. మూడు వేళల్లో, మూడు చోట్ల చూడండి

ఒక్కో అట్టను విడిగా పెట్టండి: కిటికీ ఎదురు గోడకి, కిటికీ పక్క గోడకి, మూలకి. పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం, రాత్రి బల్బు వేసి చూడండి. పడమర గదైతే సాయంత్రం నాలుగున్నర తప్పనిసరి. అట్ట కింద టైల్ ముక్క, పక్కన కర్టెన్ గుడ్డ ఉండాలి.

మీరు ఆ గదిలో ఎక్కువసేపు ఏ వేళ ఉంటారో ఆ వేళ రంగుకే ఓటు వేయండి. ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్లే ఇంట్లో హాలు రంగు రాత్రి బల్బు కింద బాగుండాలి. పెద్దవాళ్లు పగలంతా కూర్చునే హాలైతే పగటి వెలుగు లెక్క.

ఇప్పుడు ఫోన్ తీయండి. రంగు కోసం కాదు. ఫోన్ తన ఇష్టం వచ్చినట్టు రంగు సరిదిద్దుతుంది, అందుకే వాట్సాప్‌లో చుట్టాలకి పంపి అభిప్రాయం అడగడం వృథా. నేల, అట్ట, సోఫా, తలుపు అన్నీ వచ్చేలా ఒక ఫొటో తీసి, దాన్ని బ్లాక్ అండ్ వైట్‌కి మార్చండి. అప్పుడు లేత-ముదురు ఒక్కటే మిగులుతుంది. గోడ, నేల, సోఫా మూడూ ఒకే బూడిద రంగులో ఉంటే గది చప్పగా ఉంటుంది. పైకప్పు అన్నిటికన్నా లేత, గోడ దాని తర్వాత, నేల ఇంకో మెట్టు ముదురు, సోఫా, తలుపులు మరింత ముదురు. ఇలా మెట్లు కనిపిస్తే రంగు ఏదైనా గది నిలబడుతుంది.

8. పైకప్పు తెలుపు

మీగడ గోడల పైన నీలం ఛాయ ఉన్న తెలుపు వేస్తే మీగడ మురికిగా కనిపిస్తుంది. మన తాతలకి ఈ కిటుకు తెలుసు. సున్నంలో నీలిమందు కలిపేవారు. సున్నంలోని పసుపు ఛాయను నీలం చంపుతుంది, గోడ మరింత తెల్లగా అనిపిస్తుంది. పక్కన పసుపు జాతి గోడ ఉంటే మాత్రం అదే నీలం దాన్ని ఎత్తి చూపిస్తుంది. కాబట్టి వెచ్చటి గోడలకి వెచ్చటి తెలుపు పైకప్పు, చల్లటి గోడలకి మామూలు తెలుపు. పైకప్పు తొమ్మిదడుగుల్లోపు ఉంటే గోడ పైభాగంలో ముదురు పట్టీ వేయకండి, గది కుంగిపోతుంది.

9. షాపులో, మేస్త్రీ దగ్గర

లెక్క ముందే వేసుకోండి. పన్నెండు బై పద్నాలుగు గది, ఎత్తు పది అడుగులు అంటే గోడలు 520 చదరపు అడుగులు. తలుపులు, కిటికీలు తీసేస్తే సుమారు 440. లప్పం పట్టిన గోడకి రెండు కోట్లకి లీటరు సుమారు 110 చదరపు అడుగులు వస్తుందనుకుంటే 4 లీటర్లు. ఒక లీటరు ఎక్కువే తీసుకోండి. తర్వాత విడిగా కలిపించింది సరిగ్గా అదే రంగు రాకపోవచ్చు. ఒకే గదికి రెండు డబ్బాలు అవసరమైతే రెండూ ఒక పెద్ద బకెట్‌లో పోసి కలిపాకే మొదలుపెట్టమనండి. లేకపోతే గోడ మధ్యలో డబ్బా మారిన చోటు కనిపిస్తుంది.

ముదురు రంగుకి వేరే బేస్ (రంగు కలపడానికి వాడే మూల పెయింట్) ఉంటుంది. తెల్ల బేస్‌లో ఎంత రంగు పోసినా ముదురు ఎరుపు రాదు, గులాబీయే వస్తుంది. నిండు ఎరుపు, పసుపులు గోడను సరిగా కప్పవు, మూడు కోట్లు పడతాయి. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

“కాస్త డల్ చేయండి” అని పసుపులో నల్ల స్టెయినర్ వేయించకండి. పసుపులో నలుపు పడితే పాచి పచ్చ వస్తుంది. ఇది నమ్మనివాళ్లకి కౌంటర్ మీద కాగితం కప్పులో కలిపి చూపించేవాణ్ణి. పసుపు తగ్గాలంటే దాని ఎదురు రంగు వంగపండు చిటికెడు, లేదా మట్టి గోధుమ. ఈ పని చేత్తో కాదు, మెషీన్‌తో వేరే కోడ్ తీసుకోవడమే క్షేమం.

పాత ఇంటి తలుపులకి, గ్రిల్స్‌కి ఉన్న పాత ఎనామిల్ గీకేటప్పుడు జాగ్రత్త. మెరిసే పసుపు, నారింజ ఎనామిల్స్‌లో ఒకప్పుడు సీసం పిగ్మెంట్లు వాడేవారు. 2017 నవంబరు నుంచి ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) మించకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది. అంతకు ముందువాటికి ఆ హామీ లేదు. తడిపి గీకండి, మాస్క్ పెట్టుకోండి, పిల్లల్ని, గర్భిణుల్ని దూరంగా ఉంచండి.

వాస్తు అడిగితే

ఎవరినీ నొప్పించకుండా చెప్తాను. పంతులుగారు చెప్పేది రంగు జాతి మాత్రమే. “ఈ గదికి పచ్చ” అంటారు. ఎంత లేత, ఎంత మట్టి అన్నది చెప్పరు. అది మీ చేతిలో ఉంది. చిలకపచ్చ వేయాల్సిన పని లేదు. తెలుపులో పచ్చ ఛాయ ఉన్నదీ పచ్చే. ఆ ఒక్క మాటతో మా వీధిలో రెండు ఇళ్లలో అత్తాకోడళ్ల రాజీ కుదిరింది.

బయటి గోడలకి

ఇది వేరే కథ, రెండు ముక్కలు చెప్తాను. ఎండలో అన్నీ లేతగా కనిపిస్తాయి కాబట్టి బయటికి ఒక మెట్టు ముదురు తీసుకోవచ్చు. నిండు ఎరుపులు, వంగపండు, మెరిసే పసుపులు తొందరగా వెలిసిపోతాయి. ఇటుక రంగు, మట్టి పసుపు లాంటివాటిలో ఉండేది ఇనుము ఆక్సైడ్, అవి ఎండకి నిలబడతాయి. ఎర్రమట్టి రోడ్డు పక్క ఇల్లయితే కింది మూడడుగులకి తెలుపు వేయకండి.

మొదటి కోటు పడ్డాక టెన్షన్ వస్తే

అందరికీ వస్తుంది. ఫర్నిచర్ లేదు, కర్టెన్లు లేవు, నేల మీద పాత పేపర్లు పరిచి ఉన్నాయి, గోడ ఒక్కటే కనిపిస్తోంది. ఏ రంగైనా అప్పుడు ఎక్కువగానే అనిపిస్తుంది. రెండో కోటు ఆపించి, ఒక రాత్రి ఆరనివ్వండి. మర్నాడు కాగితాలు తీసేసి నేల కనిపించేలా చేసి, మీ అట్టను గోడకి ఆనించండి. అట్టా గోడా కలిసిపోతే రంగు సరిగ్గానే వచ్చింది, మిగతాది మీ భయం. అట్ట కన్నా గోడ తేడాగా ఉంటే కోడ్, బేస్, పెయింట్ రకం మూడూ డబ్బా మీద చూడండి. తప్పు ఈ మూడింట్లో ఎక్కడో దొరుకుతుంది.

అట్టతో కలిసింది, అయినా ఎక్కువగానే ఉంది అనుకోండి. ఇప్పటికీ మొత్తం మార్చక్కర్లేదు. మిగిలిన పెయింట్ ఒక గోడకి సరిపెట్టి, తక్కిన మూడింటికి అదే పట్టీలో రెండు మెట్లు లేతది తీసుకోండి. లేదా బల్బు మార్చి చూడండి. పీచ్ గోడ తెల్లటి ఎల్‌ఈడీ కింద బాగాలేదని ఏడ్చిన ఇంట్లో 6500కె తీసి 3000కె పెట్టగానే గొడవ ఆగిపోయింది. ఖర్చు మూడు బల్బులు.

పని అయ్యాక మిగిలిన పెయింట్ గాజు సీసాలో పోసి గట్టిగా మూత పెట్టండి, గీతలు పడినప్పుడు పనికొస్తుంది. గది పేరు, కంపెనీ, పెయింట్ రకం, కోడ్, బేస్, తేదీ ఒక కాగితం మీద రాసి, ఆ గది అల్మారా తలుపు లోపలివైపు అంటించండి. ఐదేళ్ల తర్వాత మీరు షాపుకొచ్చి “అదేనండీ, అప్పుడు వేసిన లేత రంగు” అంటే కౌంటర్‌లో ఉన్న అబ్బాయికి ఏమీ తెలియదు.